ఇంటి గోడ మీది సాక్ష్యం: వోల్టేజీ కొలతలూ విద్యుత్ పంపిణీ వ్యవస్థ చరిత్రా

వ్యాససంగ్రహం:

విద్యుత్ పంపిణీ వ్యవస్థ ఆరోగ్యాన్ని తెలిపే అత్యంత సులభమైన గుర్తు వినియోగదారుని ఇంటికి చేరే వోల్టేజీ. అయినా ఆ కొలత చాలాకాలం వినియోగదారుని చేతిలో లేదు. తొలినాళ్లలో అది విద్యుత్ కేంద్రానికే పరిమితమైంది. తరువాత సబ్‌స్టేషన్ దాకా వచ్చి ఆగిపోయింది. ఇటీవలి రెండు దశాబ్దాలలో మాత్రమే ఇంటి ప్లగ్గు దగ్గరి కొలత ప్రజా సమాచారంగా మారే ప్రయత్నాలు జరిగాయి. ఆ పరిణామాన్ని భారతదేశ నేపథ్యంలో, ముఖ్యంగా తెలుగు ప్రాంతపు అనుభవం ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వోల్టేజీ సమస్య ఎంత సాంకేతికమైనదో, సాక్ష్యం ఎవరిదనే ప్రశ్నగా అంత చారిత్రకమైనదని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వోల్టేజీ, పంపిణీ వ్యవస్థ, లో వోల్టేజీ, వ్యవసాయ పంపుసెట్లు, వినియోగదారుల హక్కులు, స్మార్ట్ మీటరు.

1. ఉపోద్ఘాతం

విద్యుత్తు చరిత్రను సాధారణంగా ఉత్పత్తి వైపు నుంచి చెప్పడం పరిపాటి. ఆనకట్టలు, థర్మల్ కేంద్రాలు, మెగావాట్లు, విద్యుదీకరణ పొందిన గ్రామాల సంఖ్య ఆ చరిత్రలో ప్రధాన స్థానం పొందాయి. విద్యుత్తు తీగ ఇంట్లోకి వచ్చిన తరువాత ఏం జరిగిందన్న విషయానికి అందులో దక్కిన చోటు తక్కువ. స్తంభం వేయడం ఒక రోజు జరిగే పని. ఆ స్తంభం నుంచి వచ్చే విద్యుత్తు నాణ్యత ప్రతి నిమిషం మారే విషయం. మొదటిదానికి ప్రారంభోత్సవ శిలాఫలకం ఉంటుంది. రెండవదానికి నమోదు ఉండదు.

తెలుగువారి వ్యవహారంలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. 'కరెంటు ఉంది', 'కరెంటు లేదు' అన్నవి రెండు స్థితులు. ఆ రెంటి నడుమ 'కరెంటు డిమ్ముగా ఉంది', 'లో వోల్టేజీ వస్తోంది' అన్న మూడవ స్థితి ఒకటుంది. అధికారిక లెక్కలు మొదటి రెండింటిని ఎంతో కొంత నమోదు చేశాయి. మూడవది జనం నోట మాత్రమే నిలిచింది. నోటిమాటగా ఉన్న ఆ అనుభవం కొలతగా, కొలత సాక్ష్యంగా మారిన క్రమమే ఈ వ్యాస విషయం.

2. కేంద్రం చేతిలోని కొలత

వోల్టేజీని వినియోగ స్థలంలో తెలుసుకోవాలన్న అవసరం విద్యుత్ సరఫరా వ్యాపారంతో పాటే పుట్టింది. 1882 సెప్టెంబరు 4న న్యూయార్కులోని పెర్ల్ స్ట్రీట్ కేంద్రం నుంచి థామస్ ఎడిసన్ సంస్థ సరఫరా మొదలుపెట్టింది. కేంద్రం వద్ద వోల్టేజీ సరిగా ఉన్నంత మాత్రాన వీధి చివర సరిగా ఉండదు. తీగ పొడవు పెరిగేకొద్దీ, దానిలో ప్రవహించే కరెంటు పెరిగేకొద్దీ వోల్టేజీ తగ్గుతుంది. అందువల్ల ఆనాటి పంపిణీ వ్యవస్థలలో ప్రధాన తీగలు కలిసే చోటి నుంచి సన్నని తీగలను వెనక్కి కేంద్రం దాకా తెచ్చి వోల్టుమీటరుకు కలిపేవారు. అక్కడి కొలతను చూసి జనరేటరును సర్దుబాటు చేసేవారు.

ఈ ఏర్పాటులో రెండు సంగతులు గమనించాలి. వినియోగ స్థలపు వోల్టేజీయే అసలైన కొలత అన్న అవగాహన ఆరంభం నుంచే ఉంది. అయితే ఆ కొలతను చదివే కన్ను మాత్రం కేంద్రంలో ఉంది. వ్యవస్థ ఊళ్లకు, జిల్లాలకు విస్తరించిన తరువాత ప్రతి చివరి బిందువు నుంచి తీగను వెనక్కి తేవడం అసాధ్యమైంది. కొలత క్రమంగా సబ్‌స్టేషన్ల దగ్గర స్థిరపడింది. ఆ తరువాతి భాగం ఇంజనీరు అంచనాకు, లైన్‌మన్ అనుభవానికి వదిలివేయబడింది.

భారతదేశంలో చట్టం వినియోగ స్థలాన్ని విస్మరించలేదు. 1956 నాటి భారత విద్యుత్ నియమాలలో 54వ నియమం సరఫరా ఆరంభమయ్యే చోట వోల్టేజీ ప్రకటిత స్థాయి నుంచి ఎంతవరకు తొలగవచ్చో నిర్దేశించింది. గృహాలకు సంబంధించిన హద్దు తరువాత వాడుకలో ఉన్న రూపంలో 6 శాతం. అంటే 230 వోల్టుల సరఫరా దాదాపు 216 నుంచి 244 వోల్టుల మధ్య ఉండాలి. హద్దును చట్టం గీసింది. ఆ హద్దు దాటినట్లు వినియోగదారుడు ఎలా చూపగలడన్నది వేరే ప్రశ్న. దానిని ఇంట్లో నిరంతరం నమోదు చేసే పరికరం ఏదీ సామాన్యునికి అందుబాటులో లేదు.

3. దీపమే కొలమానం: తెలుగు ప్రాంతపు అనుభవం

హైదరాబాద్ సంస్థానంలో 1910లో విద్యుత్ శాఖ ఏర్పడింది. 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ మండలి అమలులోకి వచ్చింది. ఆ తరువాతి దశాబ్దాలలో గ్రామ విద్యుదీకరణ, బావుల విద్యుదీకరణ జోడుగా సాగాయి. ఒక ట్రాన్స్‌ఫార్మర్ నుంచి పొడవైన ఎల్.టి. లైన్లు లాగి అనేక పంపుసెట్లకు, ఇళ్లకు కలపడం నాటి పద్ధతి. తక్కువ ఖర్చుతో ఎక్కువ కనెక్షన్లు ఇవ్వడానికి అది మార్గం. దాని మూల్యం లైను చివర ఉన్నవారు చెల్లించారు.

ఆ కాలంలో ఇంటి వోల్టుమీటరు మామూలు ఫిలమెంటు బల్బు. వోల్టేజీ 10 శాతం తగ్గితే అటువంటి బల్బు వెలుగు దాదాపు 30 శాతం తగ్గుతుంది. వోల్టేజీలోని చిన్న మార్పు వెలుగులో పెద్ద మార్పుగా కంటికి తెలుస్తుంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు బల్బు ఎర్రబడితే పొలాల్లో మోటార్లు నడుస్తున్నాయని, అర్ధరాత్రి తెల్లగా వెలిగితే భారం తగ్గిందని ఇంటివారు గ్రహించగలిగేవారు. అది శాస్త్రీయ నమోదు కాకపోయినా నిరాధారమైన ఊహ కాదు. పంపిణీ వ్యవస్థ ప్రవర్తనను జనం తమ కంటితో చదివిన తీరు అది.

పొలంలో ఈ సమస్య మరింత తీవ్రమైనది. ఇండక్షన్ మోటారు తిప్పుబలం వోల్టేజీ వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వోల్టేజీ 80 శాతానికి పడిపోతే తిప్పుబలం 64 శాతానికి పడిపోతుంది. అయినా నీటిని ఎత్తవలసిన భారం అంతే ఉంటుంది కనుక మోటారు మరింత కరెంటును లాగుతుంది. చుట్టలు వేడెక్కి కాలిపోతాయి. ఎక్కువ కరెంటు లైనులో పారడం వల్ల వోల్టేజీ ఇంకా తగ్గుతుంది. ఒక మోటారు కష్టం పక్క మోటారుకు పాకుతుంది. చివరికి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే ఆ లైను మీది రైతులందరి నీరూ ఆగిపోతుంది. మోటారు చుట్టించడానికి అయ్యే ఖర్చు, ట్రాన్స్‌ఫార్మర్ బాగై వచ్చేదాకా ఎండే పైరు రైతు ఖాతాలో పడ్డాయి.

ఈ సందర్భంలో ఒక చారిత్రక వైరుధ్యం ఉంది. వ్యవసాయ కనెక్షన్లకు మీటరు రీడింగు బదులు హార్స్‌పవర్‌ను బట్టి ఛార్జీ వసూలు చేసే పద్ధతి 1980లలో స్థిరపడింది. 2004లో ఉచిత విద్యుత్తు వచ్చింది. ఈ విధానాలు రైతుకు ఇచ్చిన ఆర్థిక ఉపశమనం నిజమైనది. అదే సమయంలో బోరుబావి దగ్గర కొలిచే పరికరం ఏదీ లేని స్థితి కూడా వాటితో పాటు కొనసాగింది. వాడకానికి లెక్క లేనట్లే అందిన సరఫరా నాణ్యతకూ లెక్క లేకపోయింది. మూడు ఫేజుల సరఫరా లేని వేళల్లో కండెన్సర్ల సాయంతో మోటార్లు నడిపిన రైతుల పద్ధతి వ్యవస్థకు భారమైంది. అయితే ఆ పద్ధతి పుట్టడానికి కారణమైన సరఫరా లోపం కాగితం మీద కనిపించలేదు.

ఇంజనీర్లకు మూలకారణం తెలియకపోలేదు. అధిక వోల్టేజీ పంపిణీ పద్ధతి దానికి నిదర్శనం. 2000 తరువాతి సంవత్సరాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పంపిణీ సంస్థలు 11 కిలోవోల్టుల లైనును పొలాల దాకా తీసుకువెళ్లి, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ల స్థానంలో కొద్ది పంపుసెట్లకు ఒకటి చొప్పున చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టే పని చేపట్టాయి. ఎల్.టి. లైను పొడవు తగ్గితే వోల్టేజీ పతనమూ తగ్గుతుందన్నది దాని సూత్రం. చివరి వోల్టేజీ మీద దృష్టి పెట్టిన సంస్కరణ ఇది. అయితే సంస్కరణ జరిగిన తరువాత కూడా చివరి వోల్టేజీని నిరంతరం నమోదు చేసే ఏర్పాటు రాలేదు.

4. స్టెబిలైజరు: ఇంట్లో ఉండిపోయిన జ్ఞానం

1970ల తరువాత ఫ్రిజ్, టెలివిజన్ మధ్యతరగతి ఇళ్లలోకి రావడంతో వోల్టేజీ స్టెబిలైజరు గోడ మీదికెక్కింది. చాలా స్టెబిలైజర్ల ముఖం మీద ముల్లు ఉన్న చిన్న వోల్టుమీటరు ఉండేది. సామాన్య గృహస్థుడు వోల్టేజీని అంకెగా చూడడం ఆ ముల్లుతోనే మొదలైంది. '170 కూడా లేదు' అన్న మాట ఆ విధంగా సంసారపు మాటల్లోకి వచ్చింది.

ఈ పరికరం చరిత్ర రెండు ముఖాలు గలది. అది వోల్టేజీని కంటికి కనిపించేలా చేసింది. దానితో పాటు సమస్యను వ్యక్తిగతం చేసింది. స్టెబిలైజరు కొనగలిగిన ఇల్లు తన వరకు వోల్టేజీని సరిచేసుకుంది. లైను మాత్రం బాగుపడలేదు. పైగా తక్కువ వోల్టేజీని పెంచి ఇచ్చే స్టెబిలైజరు ఆ మేరకు లైను నుంచి ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. ఒక ఇంటి ఉపశమనం పొరుగింటి లోటుకు కొంత కారణమవుతుంది. పొలాల్లో ఆటో స్టార్టర్లదీ ఇదే తీరు. కరెంటు రాగానే మోటారు తనంతట తాను మొదలయ్యే ఏర్పాటు రాత్రివేళ చీకట్లో పొలానికి వెళ్లే ప్రమాదాన్ని రైతుకు తప్పించింది. ఆ ఫీడరు మీది మోటార్లన్నీ ఒక్కసారిగా మొదలైనప్పుడు వోల్టేజీ కుప్పకూలడానికీ దారితీసింది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా ఇచ్చిన తెలంగాణలో ఆటో స్టార్టర్లను తొలగించమని ప్రభుత్వం రైతులను కోరవలసి వచ్చింది. భూగర్భజలాల రక్షణతో పాటు వ్యవస్థ మీది భారం కూడా ఆ విజ్ఞప్తి నేపథ్యంలో ఉంది.

స్టెబిలైజరు ముల్లు చూపిన అంకెలు ఏ పుస్తకంలోనూ చేరలేదు. లక్షల ఇళ్లలో కోట్లసార్లు చదివిన ఆ కొలతలు జ్ఞాపకంగా మిగిలాయి. వాటిని ఒకచోట చేర్చి చదివి ఉంటే తెలిసే విషయాలెన్నో ఉన్నాయి.

5. ఒక అంకె చెప్పగల సంగతులు

ఒకే ఇంటి వోల్టేజీని ఒకసారి చూస్తే తెలిసేది స్వల్పం. కాలక్రమంలో నమోదు చేసి, పొరుగు ఇళ్ల కొలతలతో పోల్చినప్పుడు లోపం ఎక్కడున్నదో తెలుస్తుంది.

అ) ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది ఇళ్లన్నింటిలో ప్రతి సాయంత్రం వోల్టేజీ ఒకే తీరుగా తగ్గితే, ట్రాన్స్‌ఫార్మర్ మీద లేదా పైనున్న 11 కిలోవోల్టుల లైను మీద భారం మించినట్లు అర్థం. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరమైన కొద్దీ తగ్గుదల పెరుగుతుంటే లోపం ఎల్.టి. లైను పొడవులో లేదా తీగ మందంలో ఉంది.

ఆ) పొరుగిళ్లలో సరిగా ఉండి ఒక్క ఇంట్లోనే వోల్టేజీ ఊగిసలాడితే స్తంభం నుంచి ఆ ఇంటికి వచ్చే సర్వీసు తీగ, దాని అతుకు అనుమానించదగినవి.

ఇ) కొన్ని ఇళ్లలో వోల్టేజీ పెరిగి, అదే సమయంలో మరికొన్ని ఇళ్లలో తగ్గితే న్యూట్రల్ తీగ వదులైనట్లు లేదా తెగినట్లు సూచన. ఇది అత్యంత ప్రమాదకరమైనది. న్యూట్రల్ పూర్తిగా తెగినప్పుడు తక్కువ భారం ఉన్న ఫేజులోని ఇళ్లకు వోల్టేజీ 230 నుంచి 400 వైపు ఎగబాకవచ్చు. ఒకే వీధిలో ఒక్కసారిగా టీవీలు, ఫ్యాన్లు కాలిపోయే ఘటనల వెనుక తరచుగా ఉండే కారణం ఇదే.

ఈ) ట్రాన్స్‌ఫార్మర్ పైవైపు ఒక ఫేజు ఫ్యూజు పోతే దిగువన ఒక ఫేజులో వోల్టేజీ మామూలుగా ఉండి, మిగిలిన రెండింటిలో సుమారు సగానికి పడిపోతుంది. ఊరి భాషలో 'డిమ్ము కరెంటు' అన్నది చాలాసార్లు ఈ స్థితే.

వైద్యుడు నాడి చూసినట్లు ఇంటి వోల్టేజీ ద్వారా లైను స్థితిని తెలుసుకోవచ్చు. ముఖ్యంగా న్యూట్రల్ వదులు కావడం వంటి లోపాలు పూర్తిగా విషమించక ముందే కొలతల్లో కనిపిస్తాయి. అప్పుడు కొలత పనిముట్లనే కాదు, ప్రాణాలనూ కాపాడగలదు.

6. సబ్‌స్టేషన్ దగ్గర ఆగిన లెక్క

1998 నాటి రాష్ట్ర విద్యుత్ సంస్కరణల చట్టం, 1999లో నియంత్రణ మండలి ఏర్పాటు, 2000లో నాలుగు పంపిణీ సంస్థల ఆవిర్భావం ఆంధ్రప్రదేశ్‌లో కొత్త దశకు నాంది. ఛార్జీల మీద బహిరంగ విచారణలు మొదలై, వినియోగదారుడు సంస్థను ఎదురుగా ప్రశ్నించే వేదిక ఏర్పడింది. 2003 నాటి కేంద్ర విద్యుత్ చట్టం 57వ సెక్షన్ సేవా ప్రమాణాలను, వాటిని పాటించకపోతే పరిహారాన్ని నిర్దేశించింది. 2004లో రాష్ట్ర నియంత్రణ మండలి తెచ్చిన 7వ నంబరు నిబంధనలలో వోల్టేజీ ఫిర్యాదులకూ చోటు దక్కింది.

హక్కు ఏర్పడింది. దానిని నిరూపించే సాధనం మాత్రం ఎదుటి పక్షం చేతిలోనే ఉంది. ఫిర్యాదు అందిన తరువాత సిబ్బంది వచ్చి కొలిచే వేళ సాధారణంగా పగలు. వోల్టేజీ పడిపోయే వేళ సాయంత్రం. పగటి కొలత సరిగా ఉంటే ఫిర్యాదు నిలవదు. ఫిర్యాదీ అబద్ధమాడలేదు, కొలిచినవారూ అబద్ధమాడలేదు. కొలిచిన వేళ మాత్రమే వేరు.

విశ్వసనీయత సూచికలదీ దాదాపు ఇదే పరిస్థితి. 'సైఫీ', 'సైడీ' అని వ్యవహరించే సూచికలు సరఫరా ఎన్నిసార్లు ఆగింది, ఎంతసేపు ఆగింది అన్న విషయాలను లెక్కిస్తాయి. మన దేశంలో ఆ లెక్కలు ప్రధానంగా 11 కిలోవోల్టుల ఫీడరు స్థాయి సమాచారం మీద ఆధారపడ్డాయి. ఫీడరు నడుస్తూ ఉండగా దాని కింది ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి ఒక వాడ మూడు రోజులు చీకటిలో ఉన్నా ఆ లెక్కకు అందకపోవచ్చు. లో వోల్టేజీ అసలు అంతరాయంగానే లెక్కకు రాదు. 2018 ఏప్రిల్‌లో దేశంలోని గ్రామాలన్నీ విద్యుదీకరణ పొందాయని కేంద్రం ప్రకటించింది. ఆ మైలురాయి తరువాత మిగిలిన ప్రశ్న నాణ్యతదే. అయితే దానిని కొలిచే వ్యవస్థ గడప బయటే ఆగి ఉంది.

7. ప్లగ్గు దగ్గరి సాక్షి

ఈ ఖాళీని పూరించడానికి పుణెలోని ప్రయాస్ సంస్థ ఇంధన విభాగం చేసిన ప్రయత్నం చరిత్రలో ముఖ్యమైనది. విద్యుత్ సరఫరా పరిశీలన కార్యక్రమంగా పేరొందిన ఆ పనిలో ఒక చిన్న పరికరాన్ని ఇళ్లలో, దుకాణాలలో మామూలు ప్లగ్గుకు తగిలించారు. అది నిమిషానికొకసారి వోల్టేజీని నమోదు చేసి, మొబైల్ నెట్‌వర్కు ద్వారా సర్వరుకు పంపింది. 2014 తరువాత ఈ కార్యక్రమం అనేక రాష్ట్రాలలోని వందల స్థలాలకు విస్తరించింది. సేకరించిన సమాచారాన్ని ఎవరైనా చూడగలిగేలా బహిరంగపరచడం దాని విశిష్టత.

నిమిషానికొక కొలత అంటే ఒక రోజుకు 1440 కొలతలు. సరఫరా ఎప్పుడు పోయిందో, ఎప్పుడు వచ్చిందో, ఏ వేళలో వోల్టేజీ హద్దు దాటిందో ఆ వరుసలో నిలిచిపోతాయి. ఫిర్యాదీ మాటకు, సంస్థ మాటకు మధ్య మూడవ సాక్షి ఏర్పడింది. ఆ సాక్షికి ఛార్జీ వసూలుతో గాని, లక్ష్యసాధన నివేదికలతో గాని సంబంధం లేదు.

ఇదే ఆలోచన ఇతర దేశాలలోనూ రూపుదిద్దుకుంది. ఘనా రాజధాని అక్రాలో 2018 నుంచి పరిశోధకులు 'పవర్‌వాచ్' పరికరాలను ఇళ్ల, వ్యాపార స్థలాల ప్లగ్గులకు తగిలించి వోల్టేజీని, ఫ్రీక్వెన్సీని నమోదు చేశారు. అనేక ఇళ్లలో ఒకే క్షణాన సరఫరా పోతే లోపం పైస్థాయిలో ఉందని, కొద్ది ఇళ్లకే పరిమితమైతే దిగువన ఉందని ఆ సమాచారం ద్వారా విడదీయగలిగారు. విద్యుత్ వ్యవస్థ మీద పెట్టిన అంతర్జాతీయ పెట్టుబడి వినియోగదారునికి ఏ మేలు చేసిందో ఆ చివరి నుంచి చూడడం అక్కడి లక్ష్యాలలో ఒకటి.

ఈ ప్రయత్నాలకు పరిమితులున్నాయి. కొన్ని వందల స్థలాలు ఒక దేశపు ప్రతిబింబం కాలేవు. పరికరాన్ని గృహస్థుడు తీసి వేరే ప్లగ్గు పెడితే సరఫరా పోయినట్లు నమోదయ్యే ప్రమాదం ఉంది. ఇంటిలోపలి తీగల లోపం లైను లోపంగా కనిపించవచ్చు. అయినా ఇంటి కొలతతో వ్యవస్థను ప్రశ్నించవచ్చని ఇవి నిరూపించాయి.

8. స్మార్ట్ మీటరు: కొలత ఉంది, సాక్ష్యం ఎవరిది?

2021లో కేంద్రం ఆమోదించిన పంపిణీ రంగ పునర్వ్యవస్థీకరణ పథకం స్మార్ట్ మీటర్లకు ఊపునిచ్చింది. భారత ప్రమాణాలకు లోబడిన స్మార్ట్ మీటరు వాడకంతో పాటు నిర్ణీత వ్యవధులలో సగటు వోల్టేజీని కూడా నమోదు చేస్తుంది. ప్రయాస్ వందల చోట్ల చేసిన పనిని కోట్ల ఇళ్లలో చేయగల సాధనం ఈ విధంగా సిద్ధమవుతోంది.

అయితే మూడు అంశాలు పరిశీలించదగినవి. మొదటిది, సగటు అన్న లెక్క స్వభావం. అరగంటలో కొన్ని నిమిషాలు 150 వోల్టులకు పడి, మిగిలిన సమయం 235 వోల్టులు ఉంటే సగటు హద్దులోనే కనిపించవచ్చు. మోటారు కాలిపోవడానికి ఆ కొన్ని నిమిషాలు చాలు. రెండవది, స్మార్ట్ మీటరు మీద ప్రజా చర్చ దాదాపు మొత్తం బిల్లు, ముందస్తు చెల్లింపు చుట్టూ తిరుగుతోంది. సంస్థ వినియోగదారుని కొలిచే పరికరంగానే అది పరిచయమైంది. వినియోగదారుడు సంస్థను కొలిచే పరికరంగా కూడా అది పనిచేయగలదన్న విషయం మరుగున పడింది. మూడవది, ఆ వోల్టేజీ సమాచారం ఎవరి అధీనంలో ఉంటుందన్నది.

2020 డిసెంబరు 31న వెలువడిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలు వోల్టేజీ ఫిర్యాదుల పరిష్కారంలో జాప్యాన్ని పరిహారానికి అర్హమైన అంశాలలో చేర్చాయి. మీటరులోని వోల్టేజీ చరిత్ర వినియోగదారునికి అందినప్పుడే ఆ నియమానికి జీవం వస్తుంది. వాడకం సమాచారం ఇంటివారి దినచర్యను బయటపెడుతుంది కనుక దానికి గోప్యత అవసరం. వోల్టేజీ ప్రధానంగా ఇంటి గురించి కాక లైను గురించి చెబుతుంది. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది ఇళ్ల వోల్టేజీని కలిపి ప్రకటిస్తే వ్యక్తుల గోప్యతకు భంగం లేకుండానే లైను స్థితి ఊరికి తెలుస్తుంది. సమాచారాన్ని దాచడానికి గోప్యత సాకు కానక్కరలేదు.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. వినియోగ స్థలపు వోల్టేజీయే పంపిణీ వ్యవస్థకు అసలైన పరీక్ష అన్న అవగాహన 1880ల నుంచి ఉంది. ఆ కొలతను చదివే అధికారం మాత్రం చిరకాలం సరఫరాదారుని వద్దే నిలిచింది.

2. తెలుగు ప్రాంతంలో బల్బు వెలుగు, మోటారు చప్పుడు, స్టెబిలైజరు ముల్లు వోల్టేజీని చదివే ప్రజల సాధనాలుగా ఉన్నాయి. నమోదు లేనందువల్ల ఆ జ్ఞానం ఫిర్యాదుగా మిగిలిందే కాని సాక్ష్యంగా మారలేదు.

3. స్టెబిలైజరు, ఆటో స్టార్టరు వంటి వ్యక్తిగత పరిష్కారాలు ఉమ్మడి సమస్యను కప్పిపుచ్చి, కొన్నిసార్లు పెంచాయి.

4. ఫీడరు స్థాయి లెక్కలు చివరి స్తంభాన్ని చూడలేవు. ప్లగ్గు దగ్గరి కొలతలు ఆ లోటును పూరించగలవని ఇటీవలి ప్రయత్నాలు చూపాయి.

5. స్మార్ట్ మీటర్లు రావడంతో కొలత లేదన్న సమస్య తీరే దశకు చేరింది. ఆ కొలతను చదివే హక్కు ఎవరిదన్న సమస్య అలాగే ఉంది.

లైను చివరి ఇంటివారు మూడు తరాలుగా 'వోల్టేజీ లేదు' అని చెబుతూనే ఉన్నారు. వారి మాటను రుజువు చేసే అంకె ఇప్పుడు వారి గోడ మీదే నమోదవుతోంది. దానిని వారు చూడగలిగినప్పుడే విద్యుదీకరణ చరిత్రలో ఇంకా రాయని భాగం రాయడం సాధ్యమవుతుంది.